బంపరు వెనక కోసిన దూలం

మనిషికి ఊపిరి ఎలాగో ఇంజనుకు గాలి అలాగ. ఇది నా మాట కాదు. నేను అద్దెకుంటున్న గది కింద షెడ్డులో పనిచేసే గాలి మేస్త్రి రోజూ ఎవరికో ఒకరికి అప్పజెప్పే పాఠం. టర్బో కార్లు తప్ప మరో బండి ముట్టడు గనుక వీధి అతనికి ఆ పేరు ఖాయం చేసింది. బయటికి పోయే పొగతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో బయటి గాలిని అదిమి ఇంజనులోకి కుక్కడమే టర్బో చేసే పని. అదిమిన గాలి వేడెక్కుతుంది. సైకిలుకు పంపు కొట్టినవాళ్లకు ఆ చురుకు తెలుసు. వేడి గాలి పలచన, దానితో బండికి సత్తువ రాదు. అందుకని దారిలో జల్లెడలాంటి అల్యూమినియం పెట్టె ఒకటి పెట్టి చల్లారుస్తారు. దాన్నే ఇంటర్‌కూలర్ అంటారు.

మేస్త్రి బావ కారులో ఆ పెట్టె ఇంజను నెత్తిమీదే ఉండేది. పొయ్యిమీద కూర్చోబెట్టి చల్లబడమన్నట్టు. బావ సర్వేయరు, రోజూ కొండదారిన పోవాలి. ఎండ ముదిరాక ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఆయాసపడుతోందని షెడ్డుకు తెచ్చాడు.

"మీ అక్క నోరు ఎలాగూ బాగుచెయ్యలేవు. కారన్నా బాగుచెయ్యరా బామ్మర్దీ."

"నోటికి గ్యారంటీ ఇవ్వను బావా. బండికి ఇస్తాను. పెట్టెని తీసుకొచ్చి ముందు పెడితే సరి, ఎదురుగాలి తగులుతుంది."

ఏ పెట్టె పెట్టాలన్నదే ప్రశ్న. షెడ్డులో రెండు రకాలున్నాయి. ఒకటి పలచనిది, బంపరు వెనక సందులో ఒదిగిపోతుంది. బావ ప్రయాణానికి అది చాలు. రెండోది పీటంత మందం, దాన్ని పెట్టాలంటే చోటు చెయ్యాలి. బంపరంటే పైకి కనిపించేది ప్లాస్టిక్ తొడుగే. దాని వెనక అడ్డంగా ఒక ఇనుప దూలం ఉంటుంది. బండి దేన్నైనా గుద్దితే ముందు అది వంగి దెబ్బ తింటుంది, మన మోకాళ్లదాకా రానివ్వదు. లావు పెట్టె పట్టాలంటే ఆ దూలం నడుము కొయ్యాలి.

మేస్త్రి లావుదే పెట్టాడు. పలచనిది దూలం చాటున దాక్కుంటుంది, లావుది ముందు జాలీలోంచి వెండిలా మెరుస్తుంది. ఆ వృత్తిలో సైన్‌బోర్డు అక్కర్లేదు, రోడ్డుమీద మెరిసే ఆ ముఖమే బోర్డు. అంతకుముందు కొన్ని బండ్లకు ఇలాగే పెట్టినా, పక్క వీధి షెడ్డువాడి పెట్టెలే ఊరంతా మెరుస్తుంటే ఇతనికి కంటిమీద కునుకుండేది కాదు. సొంత బావ కారు, పైగా రోజూ పదిమందీ చూసే దారి.

తొడుగు మూసేముందు బండి ఆసామిని పిలిచి లోపల చూపించాలని అతనికి పని నేర్పిన గురువు మరీమరీ చెప్పాడట. "ఇనప రజను కళ్లలో పడుతుంది, వీధి చివర టీ తాగి రా బావా" అని మేస్త్రి బావను పంపేశాడు. బావ తిరిగొచ్చేసరికి తొడుగు మూసి ఉంది.

చాలా ఊళ్లు తిరిగినవాణ్ణి. ప్రతి ఊళ్లోనూ పనివాడికి ఒక మరుగు ఉంటుంది, సోఫాకు లోపలి పీచు, చెప్పుకు లోపలి అట్ట. ఎవరూ చూడని చోటే మనిషి నిజాయితీ తేలుతుందని పాత పుస్తకాలు ఒకటికి పదిసార్లు చెబుతాయి. ఆ పుస్తకాలు కుట్టినవాడు అట్ట వెనక ఏ చిత్తుకాగితం దూర్చాడో మాత్రం చెప్పవు. సరే, దారి తప్పాను.

కారు కొండ ఎక్కింది. బావ కనిపించినవాళ్లందరికీ బామ్మర్ది పనితనం చెప్పుకున్నాడు. అలా పొగిడిన ప్రతిసారీ మేస్త్రి దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకునేవాడు. అయినా, ఆ బాధతోనే రోజులు గడిచిపోయేవేమో. ఇంతలో బావకు ఆఫీసువాళ్లు జీపు ఇచ్చారు. కారు అక్క చేతికొచ్చింది.

అక్క టైలరు. జుట్టు నెరిశాక డ్రైవింగు నేర్చుకుంది. గేటు స్తంభాన్ని పలకరించనిదే వీధిలోకి రాదు. ఓ ఆదివారం తమ్ముడికి వడ్డిస్తూ అంది:

"నిన్న ఆ గోడకి కాస్త ఆనిందిరా. ఏం కాలేదులే. ముందు నువ్వు పెట్టిన ఇనుముందిగా, గట్టిగానే ఉంటుంది."

మేస్త్రి కంచం పక్కకు జరిపాడు. చెయ్యి కడుక్కుని బావను పెరట్లోకి తీసుకెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. బావ కోప్పడితే బాగుండేది. అతను నవ్వాడు.

"బండి లాగుతోందా లేదా? మళ్లీ ఎందుకురా కెలకడం? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది."

"అక్క తోలుతోంది బావా."

"మీ అక్క గుద్దితే భయపడాల్సింది గోడ."

మర్నాడు అక్క దుకాణానికి వెళ్లాడు. ఆవిడ లంగా అంచు మడిచి కుడుతోంది. మిషను చప్పుడు ఆగేదాకా నిలబడి, బావతో చెప్పిందే మళ్లీ చెప్పాడు. ఆవిడ సూది కిందినుంచి బట్ట తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇంతకుముందు ఇలా కోసినవాటి సంగతేంటి?"

"ఏవి?"

"రోడ్డుమీద మెరుస్తున్నాయిగా నీవి. అవేంటని అడుగుతున్నా."

"వాళ్లే పెద్దది కావాలన్నారక్కా."

"దూలం కొయ్యమన్నారా?"

అతను కిందపడ్డ గుడ్డపీలికను తీసి బల్లమీద పెట్టాడు.

"నేను తోలతానని తెలిసేదాకా నీకు భయం పుట్టలేదు. వాళ్ల కార్లలో ఎవరూ కూర్చోరా? నా కుట్టు ఊడితే మనిషికి సిగ్గు పోతుంది, అంతే. నీ పని అలాంటిది కాదురా." అని తాళాలు అతని చేతిలో పెట్టి మళ్లీ మిషను తొక్కింది.

వెనకనుంచి దెబ్బతిని పాతసామాన్ల కొట్టుకు చేరిన అదే రకం కారు ఒకటి వెతికి, ముందు దూలం చెక్కుచెదరనిది తెచ్చాడు. దూలం మార్చి, పలచని పెట్టె బిగించి, గొట్టాల క్లిప్పులు ఒక్కొక్కటే లాగి చూశాడు. తొడుగు తెరిచి ఉండగానే అక్కనీ బావనీ పిలిచాడు. అక్క వంగి చూసి, తల ఊపింది. బావ మెరుపు పోయి నల్లబడ్డ జాలీని చూసి "పళ్లూడిన నోరులా ఉంది" అన్నాడు. తను ఊరంతా చెప్పుకున్న పనిని విప్పేశాడని ఆ తర్వాత చాలాకాలం బామ్మర్దితో మాట్లాడలేదు.

పెట్టె మార్చిన రోజే మేస్త్రి ఆ కారును కొండమీదికి తోలి చూశాడు. తేడా ఏమీ లేదు, లావుపెట్టెతో ఎలా ఎక్కిందో అలాగే ఎక్కింది. వచ్చి మా మెట్లమీద కూర్చుని, "కొయ్యాల్సిన పనే లేదండీ" అన్నాడు. చేతులు చూసుకున్నాడు. ఓదార్చడానికి నాకు ఏ పుస్తకమూ గుర్తురాలేదు.

ఇప్పుడతను సాయంత్రాలు షెడ్డు తొందరగా కట్టేసి పెట్రోలు బంకు దగ్గర నిలబడుతున్నాడు. జాలీ వెనక మెరుపు చూస్తే చాలు, తను చేసిన బండి ఏదో గుర్తుపడతాడు. కొందరు షెడ్డుకు తెచ్చి మార్పించుకున్నారు. ఒకాయన చెయ్యెత్తి కొట్టబోయాడు. మొన్న నేనూ వెంట వెళ్లాను. ఎర్ర కారొకటి ఆగితే కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, మీ బండికి నేను చేసిన పనిలో తప్పుంది. ముందు దూలం కోసేశాను. మీకు చెప్పలేదు."

"బాగానే తిరుగుతోందిగా?"

"దేన్నీ గుద్దనంతసేపే బాగు. తీసుకురండి, నా ఖర్చుతో మారుస్తాను. చిన్న పెట్టె పెడతాను."

"చిన్నది ముందునుంచి కనపడుతుందా?"

"కనపడదు."

ఆసామి మొహం ముడిచాడు. వెనక సీటులో పసిపిల్ల బెల్టు కింద నిద్రపోతోంది. మేస్త్రి చూపు అక్కడే ఆగిపోయింది.

"చూద్దాంలే మేస్త్రీ" అని ఆసామి అద్దం ఎత్తేశాడు. కారు వెళ్లిపోయింది. మేస్త్రి నాలుగడుగులు దాని వెంట నడిచి ఆగాడు.

"ఇక పోదాం పదవయ్యా" అన్నాను.

"ఆయన ఇల్లు నాకు తెలుసండీ, నీళ్ల ట్యాంకు సందులో. వాళ్లావిడ కూడా ఈ బండి తోలుతుంది" అన్నాడు.

అని అటే నడిచాడు.