గంజ్ టీము గోల్‌కీపర్

ఫుట్‌బాల్ ఆడటం నాకు చేతకాదు. బంతి ఇటు వస్తే నా కాలు అటు పోయేది. కానీ ఎవరు ఎలా ఆడాలో చెప్పే విషయంలో ఆర్మూర్ గంజ్‌లో నన్ను మించినవాడు లేడని అందరూ ఒప్పుకునేవారు. నేను ముందే ఒప్పేసుకున్నాను కాబట్టి వాళ్లకు వేరే దారి లేదు. పసుపు బస్తాల మూతులు దబ్బనంతో కుట్టడం నా పని. చేతులకు పని ఉన్నా నోటికి ఖాళీయే కదా. ఏడో తరగతి దాకా ఉర్దూలో చదివినవాణ్ణి గనుక, హోటల్‌కు వచ్చే ఉర్దూ పేపర్‌లో పట్నం టీముల ఆటల గురించి రాసిందంతా హమాలీలకు చదివి వినిపించేవాణ్ణి. చివర్లో నా తీర్పు కూడా కలిపేవాణ్ణి. పేపర్లో ఉన్నదేదో, నేను కలిపిందేదో వాళ్లకు తెలిసేది కాదు.

గంజ్ అంటే మా పసుపు మార్కెట్. దాని వెనక పెద్ద ఖాళీ జాగా ఉండేది. పసుపు వచ్చే నెలల్లో అక్కడ ఎడ్లబండ్లు నిలిచేవి. వానలు మొదలై సరుకు ఆగిపోతే అదే మా మైదానం. హమాలీలే ఆటగాళ్లు, ఉత్త కాళ్లతోనే ఆట. ఎండాకాలమంతా పసుపులో తిరిగిన కాళ్లు కావడంతో వానాకాలం సగం గడిచినా వాటి రంగు పోయేది కాదు. భీమ్‌గల్ ఆటకు పోతే అక్కడివాళ్లు "పెండ్లిపిల్లలొచ్చిండ్రుర బై!" అని ఈలలు వేసేవారు. మావాళ్లు నవ్వుకుంటూనే ఆడి, గెలిచి, బస్సెక్కేవారు.

అరవైల మొదట్లో ఒక ఏడాది ఆ టీము విరిగిపోయింది. ఒక ఫ్యాక్టరీవాళ్లు వచ్చి, నౌకరీ ఇస్తామని మా మంచి ఆటగాళ్లను నలుగురిని ఒకేసారి తీసుకుపోయారు. ఇంకొకడు పోలీసులో చేరాడు. మిగిలిన ఆరుగురిలో ఆట నిజంగా తెలిసినవాడు ఒక్కడే, గోల్‌కీపర్. ముప్పై దాటిన మనిషి. రెండు బస్తాలు ఒకేసారి వీపున వేసుకుని నడిచేవాడు. వాళ్లింటికీ నా గదికీ మధ్య ఒకటే గోడ. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. ఆయన భార్య గంజ్‌లో పసుపు కొమ్ములు ఏరే పనికి వచ్చేది. వాళ్లకు మూడేళ్ల బిడ్డ. పెళ్లికాని నేను నా పొయ్యి వెలిగించిన రోజులకన్నా వదినె చేతి జొన్నరొట్టె తిన్న రోజులే ఎక్కువ.

ఆయన దగ్గర అసలు సరుకు గొంతు. గంజ్ ఈ మూల నుంచి ఒక్క కేక వేస్తే ఆ మూల బండ్లు ఆగేవి. మైదానంలో ఆ గొంతు ఏం చేయగలదో ముందుగా కనిపెట్టినవాణ్ణి నేనే. ఈ ఒక్క విషయంలో మాత్రం గొప్పలు చెప్పుకోవడం లేదు.

కొత్తగా చేరిన పిల్లలకు బలం ఉంది, బుద్ధి లేదు. బంతి ఎటుంటే పదిమందీ అటే. ఆ వానాకాలం చుట్టుపక్కల ఊళ్ల పోటీల్లో, సిరికొండ వాళ్ల మీద మొదటి ఆటలోనే నాలుగు గోల్సు తిన్నాం. సాయంత్రం హోటల్ బల్ల మీద చాయ్ గ్లాసులు పేర్చి గోల్‌కీపర్‌కు నా ఉపాయం చెప్పాను.

"గీ యేడు గెలుసుడు గురించి సోంచాయించకన్నా. గోల్ తినకుంట ఆడుడు నేర్వాలె. అందరు ఇద్దరు బ్యాకులను వెడ్తరు, మనం ముగ్గురిని వెడ్దాం. గా ముగ్గురు ఏమైనా సరే జాగ ఇడువొద్దు."

"పోరగాండ్లు కాలు నిలువరు తమ్మీ. బంతి కనవడ్తె ఉర్కుతరు."

"గందుకే నువ్వున్నవు. ఎనుకకెల్లి నీకు మైదానమంత కనవడ్తది. నువ్వు ఒర్రు. ఎడమకంటె ఎడమకు, ఆగుమంటె ఆగాలె. పోరగాండ్లకు కండ్లు నువ్వే."

ఆయన గ్లాసుల వంక చూసి పకపకా నవ్వాడు. "దబ్బనం వట్టెటోడు చెప్పవట్టె, నేను ఇనవడ్తి. నా కర్మ!" అన్నాడు. అన్నాడే గానీ మర్నాటి నుంచి అలాగే ఆడించాడు.

ఆలూర్‌తో ఆట సమానమైంది. ఆ తర్వాత మూడు ఆటలు ఒక్కొక్క గోల్‌తో గెలిచాం. ఎవరికీ నమ్మకం కుదరలేదు. అంత లేత టీము, ఒక్క గొంతు మీద నడుస్తోంది. కుర్రాళ్లు వెనక్కి తిరిగి చూసేవారే కాదు, వింటూ ఆడేవారు. నా కాళ్లు నేల మీద ఆనలేదు. పట్నంలో పుట్టి ఉంటే నన్ను కోచ్‌ను చేసేవాళ్లని ఎవరూ అడగకపోయినా చెప్పుకుంటూ తిరిగాను. ఇక సెమీఫైనల్ మా మైదానంలోనే, భీమ్‌గల్ మీద. అది గెలిస్తే ఫైనల్లో ఎదురుపడేది మా నలుగురిని పట్టుకుపోయిన ఫ్యాక్టరీ టీమే. నాకు నిద్రలో కూడా ఆ ఆటే.

దానికి తొమ్మిది రోజుల ముందు ప్రాక్టీసు. పడమటి వైపు గోల్ పక్కనే, పసుపు సీజన్లో బండ్ల ఎడ్లకు నాడాలు కొట్టేవారు. బంతి కోసం ఆయన పక్కకు దూకి, పడి, వెంటనే లేవలేదు. పోయి చూస్తే మోకాలి కింద నాడా మేకు దిగింది. వేలి పొడవుంది, తుప్పు పట్టి వంకర పోయింది. ఆయనే లాగి పారేశాడు. రక్తం పెద్దగా రాలేదు.

"ఇనుము గద తమ్మీ. జర దవాఖానకు పోయొద్దామా?" అన్నాడు.

ఆ మాట ఆయన అన్నాడు. అడిగాడు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు మరిచిపోదామని చూసినా ఆ మాట మాత్రం పోవడం లేదు.

అంతకు నెల ముందు మా కుర్రాడొకడు వాచిన మడమతో దవాఖానకు పోతే, పదిహేను రోజులు కాలు కదపొద్దన్నారు. వాడు బుద్ధిగా ఇంట్లో కూర్చున్నాడు. నాకు అదే గుర్తొచ్చింది. ఈయన కూడా కూర్చుంటే సెమీఫైనల్ పోయినట్టే.

"పసుపు ఊర్ల ఉండి దవాఖానెందుకే అన్నా? మనమే లోకానికి మందు పంపవడ్తిమి" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నిజమేనన్నారు కూడా. గంజ్‌లో ఎవరికి ఏ దెబ్బ తగిలినా గుప్పెడు పసుపు అద్దుకుని పని చేసుకోవడమే తెలుసు. నేను పరుగున పోయి మంచి కొమ్ము ఏరి, దంచి తెచ్చి, మేకు చేసిన రంధ్రంలోకి వేలితో అదిమి అదిమి కూరాను. నా రుమాలుతో కట్టు కట్టాను. ఆయన పళ్లు బిగబట్టి ఓర్చుకున్నాడు. మిగతావాళ్లకు పసుపు మీద నమ్మకం. నాకూ ఉంది. కానీ ఆ రోజు నా వేలిని ఆడించింది నమ్మకం కాదు.

మూడు రోజుల్లో గాయం మూసుకుపోయింది. తోలు పచ్చగా, నున్నగా కలిసింది. నేను కనిపించినవాడికల్లా ఆయన కాలు చూపించాను.

సెమీఫైనల్ రోజున జనం బాగా వచ్చారు. పొద్దుటి నుంచీ మెడ పట్టేసిందని ఆయన వదినెతో అన్నాడట. నాకు చెప్పలేదు. చెప్పినా నేనేం చేసేవాణ్ణో నాకు తెలుసు.

ఆట మొదలైంది. భీమ్‌గల్ వాళ్లు కుడి పక్క నుంచి వచ్చారు. మా ముగ్గురు బ్యాకులూ కేక కోసం ఆగారు. రాలేదు. ఎటు పోవాలో తెలియక ఒకరికొకరు తగులుకున్నారు. గోల్ పడింది. నేను గోల్ వెనక నిలబడి ఉన్నాను. "ఒర్రన్నా! ఒర్రు!" అని అరిచాను. ఆయన చేయి మాత్రం ఊపాడు. కుర్రాళ్లు వినడమే నేర్చుకున్నారు, వెనక్కి చూడటం నేర్చుకోలేదు. అది నా చలవే. రెండో గోల్ కూడా అలాగే పడింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమైందే నీకు? మూగోనివైనవా? నోరు తెరువరాదా!" అని జనమంతా వినేటట్టు అరిచాను.

ఆయన మెడ ఒక్కటే తిప్పలేక మొత్తం మనిషే నా వైపు తిరిగాడు. పెదవులు రెండు పక్కలకూ లాగినట్టు ఉన్నాయి. పళ్లు కనబడుతున్నాయి. నవ్వుతున్నాడనుకున్నాను. నన్ను చూసి, నా ఉపాయాన్ని చూసి, ఇంత మందిలో పళ్లికిలిస్తున్నాడనుకున్నాను. నా నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. ఆట అయ్యాక అందరి ముందూ "నువ్వే ఓడగొట్టినవు. మందిని ముంచినవు" అన్నాను. ఆయన ఏదో చెప్పబోయాడు. గొంతులో చప్పుడైంది గానీ మాట బయటికి రాలేదు.

హోటల్లో ఎవరో చాయ్ ఇచ్చారు. గ్లాసు పళ్లకు తగిలి చాయ్ అంతా గడ్డం మీదుగా కారింది. దవడలు తెరుచుకోవడం లేదు. అప్పుడు చూశాను నేను ఆయన కళ్లు. నవ్వు లేదు వాటిలో. భయం ఉంది.

బస్సులో నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. వదినె బిడ్డను చంకనేసుకుని బయట కూర్చుంది. లోపల డాక్టర్ నన్నే అడిగాడు, ఈ మధ్య ఇనుమేదైనా గుచ్చుకుందా అని. నేను మంచం పక్క నుంచి గోడకు జరిగాను. డాక్టరే దుప్పటి తీసి వెతికి, మోకాలి కింద పచ్చటి మచ్చ దగ్గర వేలు పెట్టి ఆగాడు. "పైన మూసేశారు, లోపల విషం ఉండిపోయింది. ఆ రోజే వచ్చి ఉంటే ఒక సూదితో పోయేది" అన్నాడు. కోపంగా అనలేదు. అలసటగా అన్నాడు. నాలుగో రోజు అన్న పోయాడు. చప్పుడైతే చాలు ఒళ్లు విల్లులా వంగిపోయేదని, ఆ గదిలో అందరూ చెప్పులు విప్పి నడిచేవారు. అంత గొంతున్న మనిషి, ఒక్క మాటైనా అనకుండా పోయాడు.

గంజ్‌లో గాలి సోకిందన్నారు. పడమటి గోల్ దగ్గర ఏదో ఉందన్నారు. నిమ్మకాయలు కోసి పడేశారు. ఆ వైపు నిలబడటానికి కుర్రాళ్లు ఒప్పుకోక గోల్ జాగా మార్చారు. అక్కడ ఏదీ లేదని ఖాయంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అక్కడికి పోవడానికి అందరికన్నా ఎక్కువ భయపడ్డవాణ్ణీ నేనే. మధ్యాహ్నం బస్తా కుడుతుంటే ఒక్కోసారి గంజ్ ఆ మూల నుంచి "తమ్మీ" అని గట్టిగా కేక వినబడేది. తల ఎత్తితే ఎవరి పని వాళ్లు చేసుకుంటూ ఉండేవారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. మరుసటి ఏడాది అదే ముగ్గురు బ్యాకులతో, వెనక్కి చూడటం నేర్చుకుని, టీము ఫ్యాక్టరీవాళ్లను ఓడించింది. నేను చూడలేదు. తలుపు వేసుకుని గదిలో కూర్చున్నాను.

ఇప్పటికీ ఎక్కడైనా పిల్లలు ఆడుతుంటే నేను బంతిని చూడను. గోల్ ముందున్న పిల్లవాడి నోరు చూస్తాను. వాడు ఒక్కసారి అరిస్తే గానీ నా ప్రాణం కుదుటపడదు.

ఆ గెలుపు తర్వాతి వానాకాలం, ఒక పొద్దున వదినె నా గుమ్మం ముందుకు వచ్చింది. చంకలో బిడ్డ ఏడుస్తోంది. వాకిట్లో తుప్పు రేకు తొక్కి అరికాలు కోసుకుంది. వదినె ఇంకో చేతి గుప్పిట్లో పసుపు ఉంది.

"నీ చెయ్యి మంచిది తమ్మీ. ఆయనకు నువ్వు వెడితె మూడొద్దులల్ల మానింది. గీ పిల్లకు గూడ జర నువ్వే వెట్టు" అంది.

నేను ఏం మాట్లాడానో గుర్తులేదు. బిడ్డను లాక్కుని భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తాను. "గీంత దానికి దవాఖానెందుకు తమ్మీ? పిచ్చి లేసిందా?" అంటూ వదినె వెనకాలే పరుగెత్తింది. లోపలికి పోయి ఆయాసపడుతూ కంపౌండర్‌తో అన్నాను: "తుప్పు ఇనుము కోసుకుంది. జల్ది సూది ఇయ్యుండ్రి. లేకుంటె దౌడలు వట్టుకపోతయి."

వెనక గుమ్మంలో వదినె ఆగిపోయింది. గుప్పిట అలాగే మూసి ఉంది. నన్ను చూసింది, బిడ్డ కాలు చూసింది, మళ్లీ నన్ను చూసింది. గొంతు పెంచలేదు.

"నీకు ఎర్కేనా? మరి గప్పుడు ఆయననెందుకు తీస్కరాలే తమ్మీ?"

సూదికి బిడ్డ గట్టిగా ఏడ్చింది. నేను దాన్ని పట్టుకుని నిలబడ్డాను. జవాబు నాకు తెలుసు. అప్పటికి సెమీఫైనల్‌కు తొమ్మిది రోజులే ఉన్నాయి.