ఇప్పపువ్వు డబ్బాలో అరవై సబ్బులు

మలికా బీ ముక్కు పనిచేయడం మానేసి పదేళ్లు దాటింది. ఈ సంగతి టేకులపల్లిలో అందరికీ తెలుసు, ఒక్క మలికా బీకి తప్ప. నలభై ఏళ్లు నెత్తిన గాజుల గంప, భుజాన అత్తరు సంచీ వేసుకుని చుట్టుపక్కల తండాలన్నీ తిరిగిన మనిషి ఆమె. ప్రతి అత్తరు సీసా మూత తీసి, ముందు తాను పీల్చి, కళ్లు మూసుకుని "వాహ్" అన్న తర్వాతే కొనేవాళ్ల మణికట్టుకు రాసేది. రోజుకు యాభైసార్లు అలా పీలిస్తే ఏ ముక్కయినా పని మానేస్తుంది. ఇప్పుడు పొయ్యి మీద పాలు మాడినా ఆమెకు పక్కింటివాళ్లు చెప్పాలి. ముక్కు మాటెత్తితే మాత్రం ఊరుకోదు. కాదన్నవాళ్లకు ఆ పూట చాయ్ దొరకదు.

ఆమెకు ఇంకో గర్వం ఉంది. గంపలో తీసుకెళ్లిన సరుకును ఏనాడూ తిరిగి ఇంటికి మోసుకురాలేదు. ఒకసారి చెయ్యి విరిగి కట్టు కట్టుకున్న పిల్లకు రెండు చేతుల గాజులూ అమ్మింది. "కట్టు ఇప్పిననాడు పండుగ చేసుకోవాల్నా వద్దా బిడ్డా? అప్పుడు నేను ఏ తండాల ఉంటనో ఏమో" అందట. ఆ పిల్ల తల్లి కొంగుముడి విప్పి డబ్బులు తీసింది.

ఆ గర్వాన్ని నమ్ముకునే మనవరాలు ఫరహా పోయిన ఎండాకాలం ఒక అట్టపెట్టె తెచ్చి అమ్మమ్మ ముందు పెట్టింది. ఫరహా హైదరాబాదులో ఒక షాపులో పనిచేస్తుంది. దేశదేశాల ఆడవాళ్ల సంఘాలు చేత్తో చేసిన వస్తువులు అక్కడ అమ్ముతారు. పెట్టెలో అరవై సబ్బులు ఉన్నాయి. తెల్లగా, మొద్దుగా, బెల్లం అచ్చుల్లా ఉన్నాయి.

"ఎక్కడివే ఇవి?"

"పాలస్తీనావి నానీ. నాబ్లుస్ పక్కన ఊర్లో సల్వా అని ఒకామె, ఇంకో నలుగురు ఆడోళ్లు కలిసి జైతూన్ నూనెతోని, గదే ఆలివ్ నూనెతోని చేస్తరు. లడాయి మొదలైనంక దారులు బంద్ అయినయ్. వాళ్ల బేరం పడిపోయింది."

మలికా బీ ఒక సబ్బును చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. కొంగు సర్దుకుంది. "పాపం. చందా ఏమన్న పంపుదమా బేటీ?"

"అడిగితే సల్వా ఆంటీకి కోపమొచ్చింది నానీ. మేం సబ్బులు చేస్తున్నం, చెయ్యి చాపుతలేం, మీరు స్నానం చెయ్యుండ్రి చాలు అన్నది."

"మంచిగన్నది!" మలికా బీకి ఆ మనిషి చూడకుండానే నచ్చేసింది.

"నెలాఖరుకల్లా ఈ అరవై అమ్ముడుపోతేనే మా షాపు మళ్లీ ఆర్డర్ ఇస్తది. లేకుంటే ఇంతటితోని ఆపేస్తరు. ఇంకో షాపు ఏదీ తీసుకుంటలేదు. వాళ్ల పొయ్యి ఆరిపోతది." ఫరహా కొంచెం ఆగి, నేల చూపులు చూస్తూ చెప్పింది. "హైదరాబాదుల ఎవ్వరు కొంటలేరు. మా నానీ అమ్ముతదని నేను అందరి ముందట అనేసిన."

ఇంక చెప్పాల్సిందేముంది? మలికా బీ లేచి గంప దులిపింది.

ఆ సాయంత్రమే సల్వా వాయిస్ మెసేజ్ పంపింది. అరబీలో గలగలా మాట్లాడుతోంది. మలికా బీకి అరబీ అంటే నమాజులో చదివేదే. అందుకని ఫోన్ మోగగానే తలమీద కొంగు కప్పుకుంది. అరచేతులు పైకెత్తి, కళ్లు మూసుకుని, సల్వా ఊపిరి తీసుకున్నప్పుడల్లా, అలాగే జరగాలని, "ఆమీన్" అంది.

మెసేజ్ అయిపోయాక ఫరహా ఫోన్‌లో అనువాదం చూసి చెప్పింది. "రెండు రోజుల నుంచి రోడ్డు మూసేసిండ్రంట. నూనె డబ్బాలు ఆడనే ఆగినయంట. మేకకు జ్వరమంట. నువ్వు మూడింటికీ ఆమీన్ అన్నవ్ నానీ."

"తోబా తోబా!" మలికా బీ రెండు చెంపలూ వాయించుకుంది. "జల్దీ కొట్టవే, ఆ ఆమీన్లు వాపస్ తీసుకున్ననని చెప్పు!"

సరే, బేరం మొదలైంది. టేకులపల్లి అంగడిలో మలికా బీ గుడ్డ పరిచి సబ్బులు పేర్చింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే ముక్కు దగ్గర పెట్టుకుని చూసి కింద పెట్టేశారు.

"వాసననే లేదు, గిదేం సబ్బు?"

"డబ్బా మీద బొమ్మ లేదు, పిల్ల లేదు."

"నురగొస్తదా బీబమ్మా? గొర్రెలకు రుద్దేదా, మనుషులకు రుద్దేదా?"

మొదటి వారం అంగడిలో ఒక్కటీ పోలేదు. రెండో వారం హేమ్లి ఒకటి తీసుకుంది. అదీ స్నేహానికి. హేమ్లిది పక్క తండా. మలికా బీతో ముప్పై ఏళ్ల సావాసం. ఆమె ఇంటి కప్పు కారుతుంది కాబట్టి, ఎండబెట్టిన ఇప్పపువ్వు అంతా పెద్ద రేకు డబ్బాలో పోసి మలికా బీ వెనకగదిలో దాచుకుంటుంది. ఆ డబ్బాకు గట్టి మూత ఉంటుంది. ఎలుక పళ్లు విరగాల్సిందే గానీ లోపలికి పోలేదు.

సరిగ్గా ఆ మూతే మలికా బీ కొంప ముంచింది. ఒక రాత్రి ఎలుకలు అట్టపెట్టె కొరికి ఒక సబ్బు మూలను రుచి చూశాయి. నూనె సబ్బు కదా, వాటికి పండుగే. తెల్లారి చూసిన మలికా బీ గుండె బాదుకుంది. వెంటనే సబ్బులన్నీ తీసి, హేమ్లి డబ్బాలోని ఇప్పపువ్వులో పొరలు పొరలుగా పరిచి మూత బిగించింది. ఆమెకు అది కొత్త పనేమీ కాదు. గతుకుల దారిలో గాజులు పగలకుండా ఎన్నోసార్లు అదే పువ్వులో పెట్టి మోసింది. గాజుకు వాసన పట్టదు. సబ్బుకు పడుతుందని ఆమె ముక్కు చెప్పలేదు.

మండుటెండల్లో పన్నెండు రోజులు ఆ డబ్బా రేకుల గదిలో ఉడికింది. సారా కాచేది ఆ పువ్వుతోనే కాబట్టి, బయటికి తీసేసరికి ప్రతి సబ్బూ సారా బట్టీ పక్కన పుట్టి పెరిగినట్టు ఘుమఘుమలాడుతోంది. మలికా బీ ఒకటి ముక్కుకు ఆనించుకుని "పాక్ సాఫ్, శుభ్రమైన వాసన" అని తృప్తిపడింది.

ఆ రోజే సోమమ్మ ఇంటికి వచ్చింది. ఆమె మొగుడు బొజ్జయ్య బొగ్గుబాయిలో పనిచేస్తాడు, సాయంత్రాలు తాగుతాడు. రెండు పనులూ ఎగ్గొట్టడు. బొగ్గు బట్టలు ఉతికి ఉతికి సోమమ్మ చేతులు చింతబెరడులా అయ్యాయి. మలికా బీ ఆ చేతులు పట్టుకుని జైతూన్ నూనె మహిమ గంటసేపు చెప్పింది. పాపం, సోమమ్మకు జలుబు. వాసన సంగతి తెలియకుండానే ఒక సబ్బు కొని పోయింది.

మర్నాడు పొద్దున బొజ్జయ్య ఆ సబ్బుతో ఒళ్లంతా రుద్దుకుని డ్యూటీకి పోయాడు. గేటు దగ్గర షిఫ్టు సారు ఆపాడు.

"ఏం బొజ్జయ్యా, పొద్దుపొద్దున్నే ఏసుకొచ్చినవా?"

"అమ్మతోడు సార్, మంచినీళ్లు కూడా తాగలే!"

ఊదే మిషన్ తెచ్చారు. ఊదాడు. సున్నా వచ్చింది. సారు మిషన్‌ను తట్టి మళ్లీ ఊదమన్నాడు. సున్నా. మిషన్ పాడైందేమోనని సారు తనే ఊది చూసుకున్నాడు. అప్పటికే నలుగురు గుమిగూడారు. బొజ్జయ్య పుట్టి బుద్ధెరిగాక తప్పు చేయకుండా దొరికింది ఆ ఒక్కరోజే. దవడలు నొప్పి పుట్టేదాకా ఊదించి, చివరికి లోపలికి పంపారు.

వేరేవాడైతే ఆ సబ్బును బావిలో పారేసేవాడు. బొజ్జయ్య షిఫ్టు అంతా ఆలోచించాడు. సాయంత్రం బాగా తాగి, నిటారుగా నడవడానికి ప్రయత్నిస్తూ ఇంటికొచ్చాడు.

"తాగొచ్చినవా?" అంది సోమమ్మ.

"ఏంది తాగేది? నీ సబ్బు వాసన! కావాలంటే చూసుకో."

సోమమ్మ జలుబు అప్పటికి తగ్గింది. వెళ్లి సబ్బు వాసన చూసింది. నిజమే. బొజ్జయ్యా సబ్బూ అన్నదమ్ముల్లా ఉన్నారు.

రెండో రోజు తెల్లవారేసరికి మలికా బీ గుమ్మం ముందు పదిహేను మంది మగవాళ్లు నిలబడ్డారు. ఒక్కరి కళ్లూ తెల్లగా లేవు.

"బీబమ్మా, పాలస్తీనా సబ్బు ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా! ఒక్కటి సాలునా?"

"మూడియ్యి. మా తమ్మునికి కూడా కావాలె. పాపం ఆడోళ్లు గంత దూరం నుంచి పంపితే మనం సాయం చెయ్యద్దా?"

మలికా బీకి కళ్లు చెమర్చాయి. ఈ ఊరి మగవాళ్లను ఇన్నాళ్లూ తప్పుగా అనుకున్నందుకు మనసులోనే క్షమాపణ చెప్పుకుంది. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుండగానే సబ్బులన్నీ అమ్ముడుపోయాయి. ఫరహా ఫొటో అడిగితే అందరినీ గోడ ముందు వరసగా నిలబెట్టింది. తలా ఒక సబ్బు పట్టుకున్నారు. ఒకడు గోడకు ఆనుకున్నాడు, ఇంకొకడు వాడికి ఆనుకున్నాడు. సల్వా జవాబు పంపింది: "మీ ఊరి మగవాళ్లు ఎంత శుభ్రమైనవాళ్లు! ఆ ఫొటో మా ఇంట్లోవాళ్లకు చూపించి సిగ్గు తెచ్చుకోమన్నాను."

షాపువాళ్లు రెండో ఆర్డర్‌కు ఒప్పుకున్నారు. ఈసారి నూరు కావాలన్నారు. కానీ కొనేవాళ్ల పేర్లు ముందే రాసి పంపాలన్నారు. బొజ్జయ్య ముందుండి స్నేహితులందరి పేర్లూ రాయించాడు. "గదే సబ్బు గదా బీబమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. "గదే. గా ఆడోళ్లే చేస్తరు" అంది మలికా బీ.

ఇంకా చీటీ పంపకముందే సోమమ్మ చీర చెంగు బిగించుకుని వచ్చింది.

"బీబమ్మా! మా ఆయన రోజు తాగొచ్చి సబ్బంటుండు. వాడకట్టు మొత్తం గిదే మాట. నువ్వు దేవుణ్ణి నమ్మిన మనిషివి, నువ్వే చెప్పు. ఇది సబ్బు వాసననా, సారా వాసననా?"

మలికా బీ సబ్బు ముక్క తీసుకుని గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది. ఏమీ లేదు. జీవితంలో మొదటిసారి ఆమెకు తన ముక్కు మీద అనుమానం వచ్చింది. గుమ్మంలో కూర్చున్న హేమ్లి వైపు సబ్బు చాపింది.

హేమ్లి దూరం నుంచే వాసన పట్టి పకపకా నవ్వింది. "నా పువ్వు వాసన గాదా ఇది! నా డబ్బాల గిట్ల పెట్టినవా ఏంది?"

మలికా బీ సబ్బు ముక్కను కింద పెట్టి చెంపలు వాయించుకుంది. మందు వాసన ఇంట్లోకి రానివ్వని మనిషి ఊరి తాగుబోతులందరికీ ముసుగు కుట్టి ఇచ్చింది! నిజం చెబితే వాళ్లు పేర్లు కొట్టేస్తారు. ఆర్డర్ పోతుంది, అక్కడ సల్వా పొయ్యి ఆరిపోతుంది. చెప్పకపోతే సోమమ్మ ముఖం ఎలా చూడాలి?

ఆమె చూపు హేమ్లి చేతుల మీద పడింది. వెనకటి రోజులు గుర్తొచ్చాయి. అడవిలో తుపాకులు మోగుతున్నాయని అంగళ్లన్నీ మూసేసిన కాలం. రెండు నెలలు గంప మూల పడింది. ఇంట్లో పిల్లలు గంజి తాగి పడుకునేవాళ్లు. అప్పుడు హేమ్లి తల్లి బాలి అడ్డదారిన నడిచొచ్చి, మోచేతులదాకా గాజులుండి కూడా, "చేతులు బోసిగున్నయ్, ఇంకో డజన్ తొడుగు" అంది. బియ్యం మూట గుమ్మంలో పెట్టింది. సాయమన్న మాట ఎత్తనే లేదు. బేరం కూడా ఆడింది, గట్టిగా.

మలికా బీ సోమమ్మ చెయ్యి పట్టుకుంది. "నా తప్పే బిడ్డా. నా ముక్కు పోయింది." ఆ మాట ఆమె నోటివెంట రావడం విని హేమ్లి నవ్వు ఆపేసింది. మలికా బీ డబ్బా సంగతి మొత్తం చెప్పింది. సల్వా సంగతీ చెప్పింది. "నీ ఇష్టం. పేర్లు కొట్టెయ్యమంటే ఇప్పుడే కొట్టేస్త."

సోమమ్మ తన చేతులకేసి చూసుకుంది. నెల తిరగకుండానే పగుళ్లు పూడి మెత్తబడ్డాయి. హేమ్లి చేతులూ అంతే. తునికాకు కోసి కోసి చీలిన వేళ్లు నున్నగా అయ్యాయి.

"కొత్త సబ్బులు యాడ పెడ్తవ్?" అంది సోమమ్మ మెల్లగా.

"స్టీలు బిందెల. తాళమేసి."

"వాసన రాదు గదా?"

"పుట్టుకతో వాసన లేని సబ్బే అది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అయితే పేర్లు ఉండనియ్యి" అంది సోమమ్మ. "వాడకట్టోళ్లకు నేను చెప్త. మగోళ్ల ముందట ఎవ్వరు నోరు తెరువద్దు."

చీటీ వెళ్లింది. సరుకు మాత్రం రాలేదు. ఒక నెల పోయింది, ఇంకో నెల పోయింది. సల్వా దగ్గర్నుంచి వారం పాటు మెసేజ్ కూడా లేదు. ఆ వారం మలికా బీ చాయ్‌లో చక్కెర వేయడం మరిచిపోయింది. అందరూ ఆ చాయే తాగారు. తర్వాత ఒకనాడు ఫోన్ మోగింది. దారి తెరిచారు, పెట్టె బయలుదేరింది.

వానలు ముదిరాక సబ్బులు వచ్చాయి. స్టీలు బిందెలోంచి నేరుగా కొన్నవాళ్ల ఇళ్లకు పోయాయి. పాత సబ్బులు ఎప్పుడో అరిగిపోయాయి కాబట్టి మగవాళ్లు పండుగ చేసుకున్నారు. ఆ సాయంత్రం బొజ్జయ్య అన్నిరోజుల కరువూ తీర్చుకుని, పాట పాడుకుంటూ వచ్చాడు.

"తాగినవా?"

"సబ్బే! కొత్త సబ్బు!"

సోమమ్మ కొత్త సబ్బు తెచ్చి అతని ముక్కు కింద పెట్టింది. బొజ్జయ్య పీల్చాడు. తిప్పి పీల్చాడు. నాకి కూడా చూశాడు. వాడకట్టులో అటు ఆరిళ్లలో, ఇటు ఏడిళ్లలో అదే సమయానికి అదే పని జరుగుతోంది.

మర్నాడు సబ్బు వెనక్కి ఇస్తామని మగవాళ్లు బయలుదేరారు. ఆడవాళ్లు ఇవ్వనివ్వలేదు. "అవి మావి" అన్నారు. మూడో ఆర్డర్ చీటీలో అన్నీ వాళ్ల పేర్లే.

సల్వా మంచి మనసుతో ఒక మాట అడిగింది. మీ ఊళ్లో వాసన సబ్బులు ఇష్టపడతారట కదా, ఈసారి మల్లె వాసన కలపమంటారా అని. మలికా బీ కంగారుగా, ఊరికొచ్చిన ఫరహా చేతిలోంచి ఫోన్ లాక్కుని, అనువాదం గినువాదం లేకుండా తెలుగులోనే అరిచింది.

"వద్దు తల్లీ! ఏ వాసన వద్దు! ఉన్నదున్నట్టే పంపు. మా ఊర్ల సంసారాలన్నీ నీ సబ్బు మీద నిలబడ్డయ్. నువ్వు సల్లగుండాలె, నీ పొయ్యి మండుతుండాలె, మీ మేక మంచిగుండాలె!"

రెండు గంటల తర్వాత అటునుంచి జవాబు వచ్చింది. సల్వా గొంతు, వెనక ఇంకో నలుగురు ఆడవాళ్ల గొంతులు, అందరూ ఒక్కసారే అన్నారు:

"ఆమీన్!"