కాఫీ తిండి కింద లెక్క కాదు

మత్తు డాక్టరుగా నా చివరి ఉద్యోగం మద్రాసులో కోడంబాక్కం దగ్గర ఒక మోస్తరు ఆసుపత్రిలో. రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు, ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున ఆపరేషన్ లిస్టులో మొదటి పేరు రాజమ్మగారిది. ఎనభై దాటిన మనిషి. సినిమా కంపెనీలకు దుస్తులు కుట్టి కుట్టి వెన్ను వంగిపోయింది. స్నానాలగదిలో జారిపడితే తొడ ఎముక తుంటి దగ్గర విరిగింది. విరిగిన తలభాగం తీసేసి, ఆ స్థానంలో లోహపు బంతి బిగించాలి.

తుంటి విరిగిన పెద్దవాళ్ళను మంచంలో ఉంచినకొద్దీ ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది, కాళ్ళలో నెత్తురు గడ్డకడుతుంది. ఒంట్లో ఉప్పు సరిచేయడానికి ఆమెను అప్పటికే రెండు రోజులు ఆపాం. ఇక ఆపకూడదని మా చీఫ్, అంటే ఎముకల విభాగం పెద్ద, గట్టిగా చెప్పారు. ఆయన మాట సబబే.

రాత్రి నుంచీ ఏమీ తినలేదని వార్డు నర్సు అడిగి తెలుసుకునే పంపింది. థియేటర్ బయట ట్రాలీ మీదున్న ఆమెను నేను నోరు తెరవమన్నాను. అవసరమైతే శ్వాసగొట్టం వేయాలి కనుక దారి ఎలా ఉందో ముందే చూసుకుంటాం. ఏ పుట్టలో ఏ పాముందో అని ప్రతి నోట్లోకీ తొంగిచూడటమే మా వృత్తి. ఆమె నోరు తెరవగానే గుప్పున డికాక్షన్ వాసన కొట్టింది.

కాఫీ తాగారా అని అడిగాను.

"ఇప్పుడే డాక్టరమ్మా, ఈడికి తోసకొచ్చే ముందర. కోడలు ఫ్లాస్కులోంచి ఒక గ్లాసు పోసిచ్చింది. కాఫీ కూడా తిండేనా? కృత్తిక ఉపవాసానికి కూడా తాగతాం గదా."

"ఒట్టి కాఫీదానే డాక్టర్, ఇడ్లీ గూడా పెట్టలా," అంది పక్కనున్న కోడలు, మెచ్చుకుంటాననుకుని.

ఇంకోచోట అయితే నవ్వేదాన్ని. అక్కడ భయం వేసింది. పాలు కలిసిన కాఫీ మా లెక్కలో భోజనంతో సమానం. కడుపు ఖాళీ కావడానికి ఆరు గంటలు ఆగాలి. మత్తులో అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే, ఆ వయసు మనిషిని దక్కించుకోవడం కష్టం.

వెన్నుకు మత్తు ఇస్తే మెలకువగానే ఉంటుంది, కాఫీ ఏం చేస్తుందన్నారు చీఫ్. ఆ వంగిన వెన్నులో సూది దిగకపోతే పూర్తి మత్తే గతి అన్నాను. వాయిదా పడితే మళ్ళీ సోమవారమే అన్నారు. సోమవారం దాకా వద్దు, మధ్యాహ్నం చేద్దామన్నాను. ఈలోగా ఏమైనా అయితే బాధ్యత మీదేనని నాతో చెప్పి ఆయన ఓపీకి వెళ్ళిపోయారు.

గజ్జ దగ్గర నరం మొద్దుబారే ఇంజెక్షను ఇచ్చి నొప్పి తగ్గించాను. పన్నెండు దాటాక ఆమెకు దగ్గు మొదలైంది, ఆక్సిజన్ కొద్దిగా తగ్గింది. ఆపి తప్పు చేశానేమోనని నిప్పుల మీద కూర్చున్నట్టే గడిపాను. కోడలు నాకు ఎదురుపడకుండా వరండా చివరికి వెళ్ళి నిలబడింది.

మధ్యాహ్నం వెన్నులో సూది మూడుచోట్ల ప్రయత్నించాను. ప్రతిసారీ ఎముకే తగిలింది. ఇక పూర్తి మత్తు ఇచ్చాను. గొట్టం మొదటిసారి దిగలేదు. తీసి, మాస్కుతో ఊపిరి అందించి, తల కింద మెత్త సర్ది మళ్ళీ ప్రయత్నిస్తే దిగింది. కడుపులో ఏదైనా ఉంటే పైకి రావడానికి ఆ కాస్త వ్యవధి చాలు. ఏమీ రాలేదు.

చేతులు కడుక్కుని ఎదురుచూస్తున్న చీఫ్, పొద్దునే అయ్యుంటే అని మొదలుపెట్టి, మాట పూర్తి చేయకుండా కత్తి అడిగారు.

మర్నాడు ఆమెను వాకర్ పట్టించి నిలబెట్టారు. ఇప్పుడైనా కాఫీ తాగొచ్చునా అని నన్ను అడిగింది. రెండు గ్లాసులు తాగమన్నాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఏ రోగినీ ఏమైనా తిన్నారా అని మాత్రమే అడిగి ఊరుకోలేదు. కాఫీ ఎన్నింటికి తాగారు అని కూడా అడిగాను. టైము చెప్పినవాళ్ళు నేననుకున్నదానికంటే ఎక్కువమందే.