మా పాలెం నీళ్ళు మంచివట

మా అమ్మాయి మాధవీలత పోయి అయిదేళ్ళయింది. దాని గురించి ఎవరైనా అడిగితే మా పాలెం వాళ్ళు, తెలివైన పిల్ల, ఎమ్మెస్సీ చదివింది, జ్వరమొచ్చి పోయింది అని చెప్తారు. అది ఏ పని మీద తిరిగిందో, ఆ పని ఎందుకు ఆగిపోయిందో చెప్పరు. ఎవరికీ తెలియదు కూడా.

మాది నాగాయలంక అవతల సముద్రానికి దగ్గరగా ఉండే చిన్న పాలెం. మగవాళ్ళు వేటకి వెళ్తారు. ఆడవాళ్ళం ఇల్లూ, పిల్లలూ, నీళ్ళూ చూసుకుంటాం. నీళ్ళు చూసుకోవడమే మాకు పెద్ద పని. చుట్టూ రొయ్యల చెరువులు తవ్విన దగ్గర్నుంచి ఊరి బావులన్నీ ఉప్పెక్కాయి. ఆ నీళ్ళు అంట్లకి, స్నానాలకి. తాగడానికి మాత్రం నాగాయలంక నుంచి పడవ మీద డ్రమ్ములతో తెచ్చుకుని కుండలో పోసుకుంటాం. పిల్లలు ఆ కుండలో చెయ్యి ముంచారంటే మా అత్తగారు సుబ్బాయమ్మ వీపు మీద ఒకటి వేసేది. మాధవీలత ఆ దెబ్బలు తిని పెరిగిన పిల్లే.

బందరులో ఎమ్మెస్సీ అయ్యాక పరిశోధన చేస్తానంది. దేని మీదే అని అడిగాను.

"మన బావులు ఎందుకు ఉప్పయ్యాయో దాని మీద."

వాళ్ళ నాన్న పోతయ్య గారు వల బాగు చేసుకుంటూ నవ్వారు. "దానికి బందరు దాకా ఎందుకే? నన్నడుగు, చెరువుల వల్ల అని చెప్తాను."

"నువ్వు చెప్తే ఎవరూ రాసుకోరు నాన్నా."

ఏడాది పొడుగునా ప్రతి బావిలోనూ తనే చేద వేసి తోడింది. సీసాలకి చీటీలు అంటించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని బందరు పట్టుకెళ్ళింది. ఒక్క బావి కూడా తాగడానికి పనికి రాదని తేలింది. ఇక రాయడమే అనుకుంటుంటే గైడు గారు, ముందు ఇదివరకు ఎవరేం రాశారో వెతికి చూసి రమ్మన్నారట.

నన్ను కళ్ళ డాక్టరుకి చూపించడానికి బందరు తీసుకెళ్ళిన రోజున, అటునుంచి అటే కాలేజీ లైబ్రరీకి కూడా తీసుకెళ్ళింది. కళ్ళలో మందు వేశారేమో, నాకంతా మసక. కంప్యూటరు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనపడలేదు. అక్కడ పనిచేసే నతానియేలు గారు దాన్ని చూడగానే, "ఏమ్మా, ఇవాళ ఏ వల తెచ్చావు?" అన్నారు.

"వలేమిటే?" అన్నాను.

"ఇది డేటాబేసు అమ్మా. దేశదేశాల పత్రికల్లో అచ్చయిన వ్యాసాలన్నిటి వివరాలూ ఇందులో ఉంటాయి. మనం కొన్ని మాటలిస్తే, ఆ మాటలున్న వ్యాసాలు పైకి తెస్తుంది. నీళ్ళు అని ఒక్క మాట ఇచ్చామనుకో, చిన్న కన్ను వల వేసినట్టే. చెత్తా, పీతలూ అన్నీ పడతాయి, లాగలేం. నీళ్ళూ, ఉప్పూ, రొయ్యల చెరువూ మూడూ కలిపి ఇస్తే వల కన్ను పెద్దదవుతుంది. మనకి కావలసిందే నిలుస్తుంది."

"మరీ పెద్దదైతే?"

"ఖాళీ వల."

నతానియేలు గారు నవ్వి, "నాకు ట్రైనింగులో కూడా ఎవరూ ఇలా చెప్పలేదండీ" అన్నారు.

అలా ఇచ్చిన మాటలకి బంగ్లాదేశ్‌లో ఎవరో రాసినవీ, థాయిలాండ్‌లో ఎవరో రాసినవీ వచ్చాయి. ఒక్కొక్కటీ చదివి నాకు తెలుగులో చెప్పింది. అక్కడా చెరువులే, అక్కడా బావులే. ఎక్కడో ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు కూడా మాలాగే బిందెలు మోస్తున్నారని ఆ రోజే నాకు తెలిసింది.

"మీ ఊరి పేరు కొట్టి చూశావా?" అన్నారు నతానియేలు గారు.

"మా ఊరి గురించి ఎవరు రాస్తారండీ?"

"కొడితే పోయేదేముంది?"

నాగాయలంక అని కొట్టింది. కాసేపటికి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మా, మన పాలెం పేరుందమ్మా ఇందులో." ఎమ్మెస్సీ పాసైన రోజున కూడా అంత సంబరపడలేదు. ఇంకాస్త చదివాక నా చెయ్యి వదిలేసి, మళ్ళీ మొదటి నుంచీ గొణుక్కుంటూ చదివింది. ఏమైందే అన్నాను. నతానియేలు గారే వంగి చదివి చెప్పారు. తీరంలో ఊళ్ళ బావి నీళ్ళు పరీక్ష చేశారట. మా పాలెంలో ఇళ్ళ దగ్గర సేకరించిన నీళ్ళలో ఉప్పు తక్కువట. తాగడానికి పనికొస్తాయట. చెరువుల వల్ల ఇంతవరకు నష్టమేమీ లేదట. అది 1993లో అచ్చయిన వ్యాసం. అప్పటికే మేము మూడేళ్ళ నుంచీ డ్రమ్ములతో తెచ్చుకుంటున్నాం.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే నాయనమ్మ ముందు కూర్చుంది.

"మామ్మా, నా చిన్నప్పుడు నీళ్ళ పరీక్షకని ఎవరైనా వచ్చారా?"

"వచ్చారు. జీపులో వచ్చారు పాపం, ఎండన పడి. మీ అమ్మ అప్పుడు పుట్టింటికెళ్ళింది. సీసాలు మా చేతికిచ్చి, మీ బావి నీళ్ళు పట్టివ్వండమ్మా అని పాకలో కూర్చున్నారు."

"బావిలోవే పట్టావా?"

"నీకు మతుందా? ఊరుగాని ఊరు నుంచొచ్చి నీళ్ళడిగితే ఉప్పునీళ్ళు పోస్తామా? కుండలోవి వంచాను. నాకంటే ముందు పక్కింటి ముత్యాలమ్మ తన మంచినీళ్ళ బిందె వంచేసింది. మనం తగ్గుతామా?"

"తాగడానికి కాదు మామ్మా, పరీక్షకి."

"పరీక్షకైతే మరీను. ఊరు ఊరంతా పరీక్ష తప్పనిస్తామా?"

మా ఆయన పకపకా నవ్వారు. అదీ నవ్వింది. తప్పెక్కడ జరిగిందో తెలిసిందని దాని నవ్వు. ఆ రోజున నేను కూడా నవ్వాను.

పొద్దున్నే బస్సెక్కి ఆ సంగతి గైడు గారికి చెప్పింది. ఆయన అన్న మాటలు ఇంటికొచ్చి నాకు ఆయన గొంతుతోనే చెప్పింది.

"మీ మామ్మ చెప్పింది ఏ పత్రికలో అచ్చయిందమ్మా?"

"అచ్చవలేదండీ. ఇప్పుడు నేను రాస్తాను."

"అచ్చయిన పేపరు ఒక పక్క, ముసలమ్మ మాట ఒక పక్క. నువ్వా ఊరి పిల్లవే, కావాలని రాశావంటారు. పైగా ఆ పేపరు రాసినాయన రేపు నీ థీసిస్ దిద్దడానికి రావచ్చు. నాకెందుకీ గొడవ? మీ పాలెం తీసేసి మిగతా ఊళ్ళ మీద రాసుకో. డిగ్రీ వస్తుంది."

"మా పాలెం తీసేస్తే నేను రాయడం ఎందుకండీ?"

అక్కడితో ఆయన సంతకాలు పెట్టడం మానేశారు. ఇది లైబ్రరీకి వెళ్ళడం మానలేదు. ఆ వ్యాసాన్ని నమ్మి ఆ తర్వాత ఎవరెవరు రాశారో కూడా డేటాబేసులో వెతకచ్చట. వెతికింది. మద్రాసులో ఒకాయన రాశాడు, ఢిల్లీలో ఇంకొకాయన రాశాడు. ఎవరూ మా పాలెం వచ్చిన వాళ్ళు కాదు. ఒకరిని చూసి ఒకరు, కృష్ణా తీరంలో బావులు బాగానే ఉన్నాయని రాసుకుంటూ పోయారు. "మామ్మ వంచిన కుండ ఢిల్లీ దాకా పారిందే అమ్మా" అంది. అప్పటికి దాని నవ్వు ఎండిపోయింది. ఆ పత్రిక వాళ్ళకి ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. మళ్ళీ రాసింది.

వానాకాలంలో జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. మెదడుకెక్కింది. బందరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, దారిలో పులిగడ్డ వంతెన మీద నా ఒళ్ళోనే పోయింది. కాలేజీలో పెట్టిన సంతాపసభలో గైడు గారు, మంచి పరిశోధకురాలిని కోల్పోయామని మాట్లాడారట. నతానియేలు గారు వచ్చి చెప్పారు. నేను ఆయనకి కాఫీ ఇచ్చాను. అంతకంటే ఏం చెయ్యను?

మొన్న వేసవిలో గుడివాడ నుంచి అనూష అనే అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పరిశోధన చేస్తోందట. చేతిలో మా పిల్ల దగ్గరుండే లాంటి సీసాలే, ఒక కాగితాల కట్ట.

"మీ పాలెం స్పెషలండీ ఆంటీ. చుట్టుపక్కల అన్ని చోట్లా ఉప్పునీళ్ళే, మీకు మాత్రం మంచి నీళ్ళట. ఎందుకో చూద్దామని వచ్చాను."

"ఎవరు చెప్పారమ్మా?"

"పేపరుందండీ. డేటాబేసులో మీ ఊరి పేరు కొడితే వచ్చింది."

"ఇంకేమీ రాలేదా?"

"లేదండీ. ఇదొక్కటే."

మా పిల్ల ఏడాది తోడిన నీళ్ళు, తిరిగిన బస్సులు, రాసిన ఉత్తరాలు, ఏవీ అందులో లేవు. అచ్చు కాలేదు కాబట్టి జరగలేదు. కుండ మాత్రం ఉంది.

ఈలోగా మా అత్తగారు లేచింది. కళ్ళు సరిగా కనపడకపోయినా కుండ ఎక్కడుందో ఆవిడ చేతికి తెలుసు. "దా అమ్మా, ఎండన పడి వచ్చావు, సీసాలిటివ్వు" అంది. నేను అడ్డం వెళ్ళి సీసాలు తీసుకున్నాను. ఆ పిల్లని బావి దగ్గరికి నడిపించి, చేద దాని చేతికిచ్చి తోడమన్నాను. సీసాలు నింపించాను. ఆ తర్వాత అదే చేదలో గ్లాసు ముంచి ఇచ్చాను.

"ఇంటికొచ్చిన పిల్లకి ఆ నీళ్ళిస్తావా? మీ అమ్మ నేర్పిన మర్యాద ఇదేనా?" అని వెనక నుంచి అరుస్తోంది మా అత్తగారు.

అనూష ఒక గుక్క తాగింది. కళ్ళు చిట్లించి, బలవంతాన మింగింది. నా మొహం చూసి, "బాగానే ఉన్నాయండీ ఆంటీ" అంది.

"బాగాలేవు" అన్నాను. "మర్యాదకి చెప్పకు. ఇలా మర్యాదకి పోయే మా పిల్ల చదువు నీళ్ళపాలైంది. ఎలా ఉన్నాయో చెప్పు."

గ్లాసు కింద పెట్టింది. "ఉప్పండీ. నోట్లో పెట్టుకోలేకపోయాను."

"ఆ మాటే రాయి."

రాస్తానంది. వాళ్ళ గైడు గారు ఎవరో, రాయనిస్తారో లేదో నాకు తెలియదు. మా అత్తగారు తడుముకుంటూ వచ్చి, నావైపు చూడకుండా, కుండలో నీళ్ళు చెంబుతో ఆ పిల్లకి అందించింది. పాపం, గటగటా తాగేసింది. నేను ఆపలేదు. సీసాల మూతలు అప్పటికే బిగించి ఉన్నాయి.