అక్క మగ్గానికి శీమ సాక్ష్యం

మధ్యయుగాల యూరప్ పట్టణం గురించి ఇంటర్ పిల్లలకు చెప్పడం ఒక ఎత్తు, అదే పాఠాన్ని మా అక్క ఎదుట చదువుకోవడం ఒక ఎత్తు. నేను చరిత్ర చెప్పే బత్తలపల్లె కాలేజీలో పిల్లలకు ఉండేది ఒకటే సందేహం. "మేడం, ఇది పరీక్షకొస్తాదా?" రాదంటే హాయిగా నిద్రపోతారు. ధర్మవరంలో ఇంటికొస్తే అక్క తను నిద్రపోదు, నన్ను పోనివ్వదు.

అక్క పట్టుచీరలు నేస్తుంది. ముందు గదిలోనే గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంటుంది. బావ ఆరోగ్యంగా ఉన్నన్నాళ్ళూ ఆయన నేసేవాడు, ఈమె పట్టుదారం కండెలకు చుట్టేది. ఆయన ఊపిరి జబ్బుతో మంచాన పడ్డప్పుడు ఈమే గుంటలోకి దిగింది. ఆయన పోయి ఏడాది దాటింది. నేను పెళ్ళి చేసుకోలేదు, అక్క దగ్గరే ఉంటాను. సాయంత్రాలు ఆ గది మూలన కూర్చుని మర్నాటి పాఠం గట్టిగా చదువుకుంటాను. ఆ మగ్గం చప్పుడులో మనసులో చదివితే ఒక్క ముక్క తలకెక్కదు.

ఆ రోజు, ఊరి చుట్టూ గోడ ఉండేదనీ, పొద్దు గూకగానే గంట కొట్టి తలుపులు మూసేవారనీ చదువుతున్నాను.

"పొద్దు గూకినాక నీళ్ళ ట్యాంకరు వస్తే?" అంది అక్క.

"అప్పుడు ట్యాంకర్లు యాడివక్కా! బావులుండేవి."

"ఎండిపోతే?"

"ఆ దేశంలో వానలు బాగా పడతాయి."

"మరి దొడ్డికి యాడికి పోయేవాళ్ళు?"

కుండల్లో పట్టి కిటికీలోంచి వీధిలోకి పారబోసేవారని చెప్పాను. "థూ! అన్ని వానలు పెట్టుకొని అదేం రోగం ఆ శీమోళ్ళకి?" అంది. యూరప్ అంతా అక్కకు శీమే. ఆ రోగానికి నేనే బాధ్యురాలినన్నట్టు చూసింది కూడా. నాకు ఇంకా నాలుగు పేజీలున్నాయి.

నేతగాళ్ళ సంఘం దగ్గరికొచ్చాను. ఎవరు నేయాలో, బట్ట ఎంత వెడల్పుండాలో, పని నేర్చుకోవడానికి ఎవర్ని చేర్చుకోవాలో అన్నీ ఆ సంఘమే చెప్పేది.

"మన చేనేత సొసైటీ మాదిరా?"

"సొసైటీనీ కులపెద్దలనూ కలిపితే ఎట్లుంటాదో అట్ల."

"అయితే ఆ ఊరు బాగుపడినట్లే," అని, తల ఎత్తకుండానే అడిగింది. "నేసేవాడు చచ్చిపోతే మగ్గం ఎవరికి?"

అది పాఠం మీద ప్రేమ కాదని నాకు తెలుసు. బావ వాళ్ళన్న ఆ వారమే వచ్చి, మగ్గం తమ ఇంటిదనీ, తన కొడుక్కి కావాలనీ, ఆదివారం కులపెద్దల దగ్గర తేల్చుకుందామనీ చెప్పి వెళ్ళాడు. ఆ కొడుకు పగలంతా సెల్‌ఫోన్ చూసుకునే మనిషి, పోగు అతకడం కూడా రాదు. మగ్గం పోతే అక్కకు మిగిలేది ఇంట్లో ఆ గుంట ఒక్కటే.

"చాలా ఊర్లలో పెండ్లానికే వచ్చేది," అన్నాను.

"రాసిండాదా?"

"రాసిండాది."

"ఇంగోసారి చదువు."

నా గొంతు పోయేదాకా చదివించింది.

ఆదివారం కల్యాణమండపంలో పెద్దలు కూర్చున్నారు. దారి పొడుగునా అక్కకు నూరిపోశాను. ఇన్నేళ్ళ నీ చాకిరీ చెప్పు, బావను ఎట్లా చూసుకున్నావో చెప్పు, నా పాఠం జోలికి మాత్రం పోవద్దు అని. సరే సరే అంది. అక్కడ బావ వాళ్ళన్న లేచి, "ఆడది గుంటలో దిగేది యాడన్నా ఉండాదా?" అన్నాడో లేదో, ఈమె కొంగు బిగించి లేచింది.

"శీమలో ఉండాది. ఏడెనిమిదొందల ఏండ్ల కిందటే మొగుడు పోతే మగ్గం పెండ్లానికే ఇచ్చినారంట. మా చెల్లెలు చదివింది, అడగండప్పా."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దలు మాత్రం నవ్వలేదు. అందరూ సర్దుకుని కూర్చుని నా వైపు తిరిగారు.

"నిజమేనామ్మా?"

"నిజమే."

"వాళ్ళూ నేతోళ్ళేనా?"

"నేతవాళ్ళే. ఉన్ని నేసేవాళ్ళు."

"ఓ, కంబళ్ళా," అన్నాడొకాయన కొంచెం నిరాశగా. ఇంకొకాయన గొంతు సవరించుకుని, "ఆయమ్మ మళ్ళా పెండ్లి చేసుకుంటే?" అని అడిగాడు.

వేరే పని చేసేవాణ్ణి చేసుకుంటే చాలాచోట్ల హక్కు పోయేదని చెప్పాల్సి వచ్చింది. అబ్బ, ఆ మాటకు వాళ్ళ ముఖాలు ఎంత వెలిగాయో! "బలే షరతు పెట్టినారప్పా," అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. "మనమూ అట్లనే పెడదాం. మగ్గం ఆయమ్మ కాడే ఉండనీ. పెండ్లి చేసుకుంటే అప్పుడు చూస్తాం." యాభై దాటి, మోకాళ్ళ నొప్పులతో గుంటలోంచి లేవడానికి నా చెయ్యి పట్టుకునే మనిషికి ఆ షరతు! బావ వాళ్ళన్న తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

మగ్గం దక్కింది. నా ఒళ్ళు మాత్రం మండిపోతోంది. దారిలో ఆగలేకపోయాను.

"వాళ్ళ ఇండ్లలో పెండ్లి చీరలు నేసింది నువ్వు. బావకు గంజి తాపి వచ్చి గుంటలో కూర్చున్యావు. అందులో ఒక్క మాటన్నా చెప్పినావా? ఎప్పుడో చచ్చిన శీమోళ్ళు సాక్ష్యం చెప్పాల్నా నీకు?"

"అదంతా వాళ్ళకు తెలిసిందే కదే," అంది అక్క. "తెలిసి కూడా పంచాయితీకి కూర్చున్యారు గదా."

నాకు ఇంకా కోపం వచ్చి, ఇల్లు చేరేదాకా నాలుగడుగులు ముందే నడిచాను.

ఆ సాయంత్రం పుస్తకం తెరిచీ తెరవకముందే మళ్ళీ మొదలుపెట్టింది. "ఆ సంఘంలో ఆడోళ్ళు పెద్దలుగా కూర్చునేవాళ్ళా?"

"లేదక్కా. రానిచ్చేవాళ్ళు కాదు."

అక్క కండె మార్చుకుంది. "ఈసారి మన పెద్దలు కూర్చున్నప్పుడు నేనూ పోయి వాళ్ళ పక్కన కూర్చుంటా. శీమలో ఎట్లంట అని నిన్ను అడుగుతారు."

"అడిగితే? అబద్ధం చెప్పమంటావా?"

"వద్దులే," అంది. "ఆ పొద్దు నువ్వు ఇంట్లోనే ఉండు."