శాంతి కొన్న షేర్లు

తోడికోడలు శాంతి మీద రెబ్కాకు కుళ్ళు ఈనాటిది కాదు. పెద్దకోడలిగా ముందు ఆ ఇంట అడుగుపెట్టింది తను. టీచరుద్యోగం చేసిందీ తనే. అయినా అత్త నోట ఎప్పుడూ ‘మా శాంతి’ అనే మాటే.

పర్చూరు దగ్గర ఆ ఊళ్ళో అందరిదీ ఒకటే పద్ధతి. మిర్చికి రేటొస్తే మరుసటేడు ఊరంతా మిర్చే. శాంతి మాత్రం ఆ ఏడు శనగ వేస్తుంది. షేర్లలోనూ ఆమెది అదే వరస. సబ్సిడీలు ఆగిపోయి, డ్రిప్పు పైపులు చేసే ఓ చిన్న కంపెనీ షేరు ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉన్నప్పుడు కొన్నది.

“మునిగే కంపెనీ నీకెందుకే?” అని నవ్వింది రెబ్కా.

“సబ్సిడీ లేకపోయినా పైపుల కొట్టు ముందు ట్రాక్టర్లు ఆగుతూనే ఉన్నాయిగా అక్కా! కంపెనీకి అప్పుల్లేవంట. చూద్దాం.”

రెండేళ్ళకు షేరు నాలుగింతలైంది. శాంతి కొన్ని అమ్మి పొలంలో బోరు వేయించింది. రెబ్కాకు అన్నం సహించలేదు. మేడ మీద గదికని దాచిన డబ్బంతా తీసి, మొగుడికైనా చెప్పకుండా అదే షేరు కొన్నది. అది ఇంకాస్త పెరిగింది. అంతే, ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పింది: “దేవుడు ఆ కంపెనీలో నాకూ దీవెన ఇచ్చాడు.” ‘నాకూ’ అన్నప్పుడు శాంతి వంకే చూసింది.

ఆ తర్వాత షేరు పడసాగింది. మిర్చయితే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఏడాదైనా ఓపిక పట్టే మనిషి, ఫోనులో పూటపూటా తరిగే రేటును చూడలేకపోయింది. సగానికి రాగానే మొత్తం అమ్మేసింది.

కల్లంలో ఎండుమిర్చి నుంచి రంగుపోయిన తాలుకాయలు ఏరుతూ శాంతి అంది: “ఎవరో బెదిరి అమ్ముకుంటున్నారక్కా. నేను ఇంకాసిని కొన్నా. నువ్వు అమ్మలేదుగా?”

“నాకేం ఖర్మ!”

ఈ ఏడు షేరు మళ్ళీ లేచి పాత రేటు దాటింది. చర్చి మెట్ల దగ్గర ఆడవాళ్ళు మూగారు.

“రెబ్కమ్మా, దండిగా కలిసొచ్చిందంటగా! స్వీట్లేవి?”

“అక్క గట్టిది. అంత పడ్డా కదల్లేదు” అంది శాంతి.

ఆ మాటలో ఎత్తిపొడుపేమైనా ఉందా అని రెబ్కా వెతికింది. ఎంత వెతికినా దొరకలేదు. అందుకే ఇంకా మండింది.

మర్నాడు ఒంగోలు వెళ్ళి మిఠాయి కొనుక్కొచ్చి ఇంటింటికీ పంచింది. మొదటి పొట్లం శాంతి చేతిలోనే పెట్టింది. “తినవే, అంతా నీ చలవే” అంటూ దవడలు నొప్పిపుట్టేదాకా నవ్వింది.