జువార్తి మొక్కుకున్న కోడిపుంజు

జావా దీవిలో బ్రోమో అగ్నికొండ బూడిద కక్కిన ఏడాది, జువార్తి బంగాళాదుంప చేనంతా తెల్లారేసరికి బూడిదతో నిండిపోయింది. ఊరి ఆడవాళ్లందరూ వెదురు కొమ్మలతో ఆకులు దులిపారు. జువార్తి మాత్రం దులుపుతూనే కొండతో తగువు పెట్టుకుంది. "నీకు దగ్గొస్తే మా నెత్తినే దగ్గాలా?" అని గట్టిగా కడిగేసింది. ఇంటి పెద్దాయన మీద విసుక్కున్నట్టే కొండ మీదా విసుక్కోవడం అక్కడ మామూలే.

సూర్యుడు పట్టపగలే పాలిపోయాడు. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి. పక్కింటి సుతార్జి వచ్చి జువార్తి వంటింట్లో పొయ్యి దగ్గర చతికిలబడ్డాడు.

"ఈ కొండ ముసలాడికి ఇంత కోపమెందుకు వదినా?"

"కోపమూ లేదు, పాడూ లేదు. సముద్రం అడుగు నేల మన జావా కిందికి దూరుతోందట. అక్కడ రాయి కరిగి, తేలికై పైకొస్తుందట. లోపలి ఆవిరి దాన్ని బయటికి తంతుంది. పొయ్యి మీద ఈ గంజి మూత తోసుకుని పొంగట్లా? అలాగే. కొండని కనిపెట్టుకుని ఉండే ఆఫీసమ్మాయి చెప్పిందిలే."

"మరి ఈ చలి?"

"బూడిద ఎండకి అడ్డం. ఇది త్వరగానే రాలిపోతుంది. మహా పెద్ద కొండ పేలితే మాత్రం గంధకపు పొగ ఆకాశంలో బాగా పైకెళ్లి, ఏడాదో రెండేళ్లో ఎండని ఆపేస్తుందట. పూర్వం తూర్పున తంబోరా పేలితే తెల్లోళ్ల దేశాల్లో వేసవే రాలేదంట!"

"అయితే మనోడు నయమే!" అని నవ్వాడు సుతార్జి.

జువార్తికి నవ్వు రాలేదు. చేలో ఉన్నది వచ్చే ఏటికి విత్తనపు దుంప. ఆ దిగులులోనే నోరు జారింది. చేను దక్కితే, కొండ నోట్లోకి కానుకలు విసిరే కసాదా పండక్కి గెలాప్‌ని కొండకిస్తానని మొక్కేసుకుంది. గెలాప్ ఆమె ఎర్ర పుంజు. అది ఆమె భుజమెక్కితే గానీ కూసేది కాదు.

వానలు పడ్డాయి, బూడిద మట్టిలో కలిసింది, చేను కోలుకుంది. దుంపలు గుప్పెడేసి ఊరాయి. జువార్తి మాత్రం మొక్కు గుర్తొచ్చి గెలాప్‌ని చంక దింపలేదు.

"ఇంకో పుంజుని విసిరేద్దాం. కొండకేం తెలుస్తుంది?" అన్నాడు మొగుడు ముజియాత్.

"తెలియనిదానికి మొక్కుకోవడం దేనికయ్యా?"

పండగనాడు గెలాప్‌ని తను కప్పుకున్న సరోంగు గుడ్డలో చుట్టుకుని కొండెక్కింది. బిలం అంచున నిలబడి, ఏడుస్తూ, కళ్లు మూసుకుని విసిరేసింది. లోపలి వాలులో వలలు పట్టుకుని జనం ఉంటారు. కొండకిచ్చింది ఎవరి వలలో పడితే వాళ్లది.

"వదినా! చిక్కాడు!" కింది నుంచి కేక. చూస్తే సుతార్జి.

పైకొచ్చి పుంజుని ఆమె చేతికివ్వబోయాడు. జువార్తి చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"వద్దు. ఇచ్చింది మళ్లీ ఇంటికి తెచ్చుకుంటే మొక్కేం మిగులుతుంది? కోసుకు తింటావా?"

"కొండ నోట్లోంచి బయటపడ్డోణ్ణి కోస్తానా వదినా!"

అప్పటినుంచి గెలాప్ సుతార్జి ఇంటి పుంజు. ఆ మాట దానికే అర్థం కాలేదు. పొద్దున్నే కంచె దూకి వచ్చి జువార్తి భుజమెక్కి కూస్తుంది.

"పోరా, నువ్విక మా వాడివి కాదు!" అని కసురుతూ జువార్తి దాన్ని కంచె దాకా మోసుకెళ్లి దింపుతుంది. దింపేముందు గుప్పెడు జొన్నపొత్తుల గింజలు పెడుతుంది. మేత వెయ్యనని ఆమె మొక్కుకోలేదు కదా.